మావయ్యకు పెద్ద రివాల్వర్ కావాలట!

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పిడుగురాళ్ల నుంచి మావయ్య ఫోన్ చేశాడు. ఇక్కడ కాల్గరీలో ఎనిమిదవుతోంది, అక్కడ రాత్రి భోజనాల వేళ.

"ఏం అల్లుడూ, ఎట్టా ఉన్నావు? మీ కెనడాలో పెద్ద రివాల్వర్లు ఉంటయ్యంటగా, ఎలుగుబంట్లని పడేసేయి. వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురాకూడదూ?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇప్పటిదాకా మావయ్య నన్ను అడిగినవి మోకాళ్ళ నొప్పులకి మాత్రలు, బాదం పప్పు, ఒక టార్చిలైటు. ఈ లిస్టులోకి రివాల్వర్ ఎందుకు వచ్చిందో గుర్తుకొచ్చాక నా నవ్వు కూడా ఆగిపోయింది.

విమానంలో తేవడం కుదరదు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ మన ఉద్యోగాల వల్ల వచ్చిన జబ్బు ఒకటుంది కదా, ఎవరు ఏది అడిగినా "అసలు రిక్వైర్‌మెంట్ ఏంటి?" అని తవ్వకుండా ఉండలేం. అలా తవ్వుతూ పోతే వారం రోజులు రాత్రిళ్ళు రెండు దేశాల తుపాకీ చట్టాలు చదువుతూ కూర్చున్నాను. నా అభిప్రాయం కొంత మారింది. అదే రాస్తున్నా.

ముందు మావయ్య దగ్గరున్న రివాల్వర్ గురించి. కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది, పాయింట్ 32 బోరు, ఆరు తూటాలు పడతాయి, మూడంగుళాల గొట్టం. సున్నపు బట్టీ బాగా నడిచిన రోజుల్లో లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పటికి పల్నాడు జిల్లా లేదు, కాగితాలన్నీ గుంటూరు కలెక్టరేట్‌కే. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఇంట్లో వేట మాంసం వండించి బంధువులకి భోజనాలు పెట్టాడు. పెళ్ళిళ్ళలో కూర్చునేటప్పుడు లాల్చీ అంచు ఒక పక్కకి జరిపి కూర్చునేవాడు, తోలు సంచీ కొంచెం కనపడాలిగా :) ఇరవై ఏళ్ళలో దాన్ని కాల్చింది నాకు తెలిసి కొన్న కొత్తలో ఒక్కసారి.

మా వైపు రివాల్వర్ కొనేది కాల్చడానికి కాదు. "ఆయన దగ్గర రివాల్వర్ ఉంది" అని నలుగురూ అనుకోవడానికి. పెద్ద నాయకుడికి వెనక టూ ప్లస్ టూ గన్‌మెన్ ఎలాగో, బట్టీ ఓనరుకి నడుం దగ్గర ఆ తోలు సంచీ అలాగ. గన్‌మెన్‌ని తగ్గించినప్పుడు మన నాయకులు ఎంత గొడవ చేస్తారో చూశాం కదా. ప్రాణభయం కొంత ఉండొచ్చు, పరువు నష్టం మాత్రం పూర్తిగా ఉంటుంది.

ఇక 2024 సంగతి. మే 13న పోలింగ్. ఆ రోజూ, ఆ తర్వాతా పల్నాడులో ఏం జరిగిందో టీవీల్లో అందరూ చూశారు. మాచర్ల, నరసరావుపేట, గురజాల పేర్లు దేశమంతా మోగిపోయాయి. 144 సెక్షన్ పెట్టారు, ఎన్నికల సంఘం కలెక్టరుని బదిలీ చేసి ఎస్పీని సస్పెండ్ చేసింది. మావయ్యకి పిడుగురాళ్ల టౌనులో బట్టీ ఉన్నా, ఇల్లు పక్క పల్లెలోనే. ఎన్నికల ముందు ఆ ఊళ్ళో లైసెన్సు ఉన్న తుపాకులన్నీ డిపాజిట్ చేయించారు. మావయ్యదీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. పోలింగ్ అయిన మర్నాడు రాత్రి ముప్ఫై నలభై మంది వీధిలోకి వచ్చారు. రాళ్ళు, కర్రలు, పెట్రోలు సీసాలు. రెండు బళ్ళు తగలబెట్టారు. అత్తయ్య, కోడలు, చిన్నపిల్ల వెనక గోడ దూకి పక్కింట్లోకి వెళ్ళారు. ఆ పక్కింటివాళ్ళది అవతలి పార్టీ, అయినా తలుపు తీశారు. మావయ్య తెల్లారేదాకా గడ్డివామి వెనక కూర్చున్నాడు. చేతిలో ఉన్నది ఫోను. పోలీసుల నంబరుకి చేస్తూనే ఉన్నాడు.

"ఆ రాత్రి అది నా దగ్గరుంటే ఒక్కడి కథ అన్నా తేల్చేవాణ్ణి" అంటాడు. అందుకే ఇప్పుడు పెద్దది కావాలి. 32 చాలదని ఆయనకి ఎవరో చెప్పారు.

సరే, ముందు ఆ "చాలదు" సంగతి చూద్దాం, లెక్కలంటే మనకి సరదా కాబట్టి. 32 తూటా గొట్టంలోంచి బయటికొచ్చేటప్పుడు దాని శక్తి సుమారు 150 జౌల్స్. అంటే యాభై కేజీల సిమెంటు బస్తా ఒక అడుగు ఎత్తు నుంచి కింద పడినంత. (మా ఊరివాణ్ణి, నాకు కొలత అంటే సిమెంటు బస్తానే.) 44 మ్యాగ్నమ్ అని ఒకటుంది, 1950ల్లో వచ్చింది, హాలీవుడ్ సినిమాల పుణ్యమా అని అందరికీ తెలిసింది. అది 1,200 జౌల్స్ దరిదాపుల్లో ఉంటుంది. అదే బస్తా ఎనిమిది అడుగుల నుంచి పడ్డట్టు. 2003లో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు 500 మ్యాగ్నమ్ అని తెచ్చారు. అది 3,400 జౌల్స్, అంటే రెండంతస్తుల మేడ మీద నుంచి వేసిన బస్తా. దాని పొడుగు గొట్టం మోడల్ బరువు రెండు కేజీలు, అయిదే తూటాలు. న్యూటన్ గారి మూడో సూత్రం ప్రకారం ఆ దెబ్బలో మన వాటా మన మణికట్టుకి వస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం కాదు. మా ఆఫీసులో ఒకాయన దగ్గర 44 మ్యాగ్నమ్ ఉంది, ఎప్పుడో కొన్నది, పక్కా కాగితాలున్నది. పోయిన ఏడాది నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాడు. చెవులకి మఫ్‌లు, కళ్ళకి అద్దాలు, పక్కన ఆయన నిలబడి ప్రతి కదలికా చూస్తున్నాడు. మొదటి తూటాకి గొట్టం నుదుటి ఎత్తుకి లేచింది. రెండోదానికి దెబ్బ రాకముందే నా చెయ్యి ముడుచుకుపోయింది, తూటా ఎటు పోయిందో కూడా తెలీలేదు. మూడోది కాల్చకుండా ఇచ్చేశాను. పట్టపగలు, చుట్టూ ప్రశాంతం, ఎదురుగా కాగితం బొమ్మ. అప్పుడే ఇలా ఉంటే, అరవై ఏళ్ళ మావయ్య చీకట్లో, వణుకుతూ, ఎదురుగా నలభై మంది, ఇటు పక్క గోడ దూకుతున్న సొంత కోడలు. ఆ తూటా వెళ్ళకూడని చోటుకి వెళ్ళడానికే ఎక్కువ అవకాశం.

ఇహ చట్టాలు. ఇక్కడో తమాషా ఉంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం, 2016 రూల్స్ ప్రకారం మామూలు జనానికి దొరికే చేతితుపాకీ అంటే ముఖ్యంగా ఈ 32 బోరే. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోరు, వాటికి కేంద్ర హోంశాఖ ఒప్పుకోవాలి. కెనడాలో సరిగ్గా తిరగేశారు. 9 ఎంఎం, 44 లాంటివి "పరిమిత" వర్గంలో ఉంటాయి. 25, 32 బోర్లూ, గొట్టం 105 మిల్లీమీటర్లు అంతకంటే తక్కువ ఉన్న ఏ చేతితుపాకీ అయినా నిషిద్ధం. చవగ్గా దొరికి, జేబులో దాచుకోడానికి వీలుగా ఉండేవి అవే కదా అన్నది వాళ్ళ ఆలోచన. అంటే మావయ్య పెళ్ళిళ్ళలో చూపించుకునే రివాల్వర్ ఇక్కడ రెండు రకాలుగా నిషిద్ధం, బోరు వల్ల ఒకసారి, గొట్టం పొడుగు వల్ల ఇంకోసారి! 2014లో మన ఆర్డినెన్స్ వాళ్ళు ఆడవాళ్ళ కోసం అంటూ "నిర్భీక్" అని అర కేజీ రివాల్వర్ ఒకటి లక్షా ఇరవై రెండు వేలకి విడుదల చేశారు గుర్తుందా? హ్యాండ్‌బ్యాగులో పట్టాలని చిన్నగా చేశారు. ఇక్కడి చట్టం భయపడేది ఆ గుణానికే.

మనది బోరు పెద్దదైతే భయం, వాళ్ళది దాచుకుంటే భయం. ఎవరిది సరైన భయమో మీరే ఆలోచించండి. నాకైతే రెండోదే అనిపిస్తుంది.

అసలు తేడా బోర్లలో లేదు, "దగ్గర పెట్టుకోవడం" వేరు, "వెంట తిరగడం" వేరు అన్న దాంట్లో ఉంది. మనకి లైసెన్సు వస్తే కొనడం, ఉంచుకోవడం, వెంట తీసుకెళ్ళడం మూడూ ఒకే పుస్తకంలో ఉంటాయి. ఇక్కడ అలా కాదు. మా ఆఫీసాయనకి 44 ఇంట్లో ఉంచుకోడానికి లైసెన్సు ఉంది. దానికోసం క్లాసులకి వెళ్ళి పరీక్ష పాసయ్యాడు. దరఖాస్తులో భార్య సంతకం అడుగుతారు, సంతకం లేకపోతే అధికారులు ఆమెకి కబురు చేస్తారు. విడిపోయి రెండేళ్ళలోపైతే ఆ పాత భార్యకి కూడా. (మన కలెక్టరేట్లలో ఈ ఒక్క నిబంధన పెడితే ఎన్ని లైసెన్సులు మిగులుతాయో! మా అత్తయ్య మాత్రం సంతకం పెట్టదు.) ఇంట్లో తూటాలు తీసి, తాళం వేసి, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. రేంజికి తీసుకెళ్ళాలంటే రవాణా అనుమతి, దారిలో షాపింగులూ గట్రా కుదరవు. నడుముకి పెట్టుకుని కాఫీకి వెళ్తే జైలే.

వెంట తిరగడానికి ఇంకో అనుమతి ఉంది. బ్యాంకుల డబ్బు వ్యాన్ల గార్డులకి, అడవుల్లో వలలు పెట్టే వేటగాళ్ళకి, మారుమూల కొండల్లో రాళ్ళు పరీక్షించే జియాలజిస్టులకి, అంటే పనికి అవసరమైనవాళ్ళకి ఇస్తారు. 44 మ్యాగ్నమ్‌కి నిజంగా పని పడేది ఇలాంటి చోట్లే, మావయ్య విన్న ఎలుగుబంటి కథ ఇక్కడిదే. అది కూడా మనలాంటి పర్యాటకులకి కాదు. బాన్ఫ్ కొండలకి వెళ్ళేటప్పుడు నేను నడుముకి తగిలించుకునేది బేర్ స్ప్రే డబ్బా, అంటే ఎలుగుల మీదికి కొట్టే కారం. అలాస్కాలో జరిగిన సంఘటనలు పోగేసి టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో వాళ్ళు 2008లో చూపించింది ఏంటంటే, ఆ కారం పదింట తొమ్మిది సార్లు పనిచేసింది. 2012లో తుపాకుల మీద ఇలాంటి పరిశీలనే చేస్తే, కాల్చినవాళ్ళకీ కాల్చనివాళ్ళకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మనుషుల చేతుల వణుకు అలాంటిది.

ఈ పనివాళ్ళు కాక ఇంకొక్క తరగతి ఉంది, ప్రాణరక్షణ. దానికి మూడు షరతులు. ఒకటి, ఇతరుల వల్ల ప్రాణానికి ముంచుకొచ్చిన ప్రమాదం ఉండాలి. రెండు, ఆ పరిస్థితిలో పోలీసు రక్షణ సరిపోకపోవాలి. మూడు, చేతితుపాకీ ఉంటే రక్షణ దొరుకుతుందని సహేతుకంగా చెప్పగలగాలి. దేశం మొత్తం మీద ఇవి దొరికేవాళ్ళు బహు అరుదు.

ఈ మూడూ చదివి నేను కాసేపు లాప్‌టాప్ మూసేశాను. ఎందుకంటే ఆ మే నెల రాత్రి మావయ్యకి మొదటి రెండూ అక్షరాలా వర్తిస్తాయి. నేను మెచ్చుకుంటున్న చట్టమే "నీ మావయ్య కేసు పరిశీలించదగ్గదే" అంటోంది.

ఇక్కడే నా అభిప్రాయం మారింది. మొదట్లో "మావయ్యకి తుపాకీ పిచ్చి" అని కొట్టిపారేశాను. అది సరైన జవాబు కాదు. ఆ రెండో షరతు మళ్ళీ చూడండి. ఒక మనిషికి వెంట తిరిగే అనుమతి ఇవ్వాలంటే ప్రభుత్వమే "ఇతన్ని మా పోలీసులు కాపాడలేరు" అని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం సిగ్గుచేటు కాబట్టి, ముందు కాపాడే ఏర్పాటేదో చూస్తారు. మన దగ్గర లైసెన్సు ఇస్తే ఎవరూ ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. సిఫారసు ఉంటే ఫైలు కదులుతుంది, బాధ్యత మాత్రం పోలీసు నుంచి బట్టీ ఓనరుకి మారిపోతుంది.

పైగా ఇంకో మెలిక. అయిదేళ్ళ లైసెన్సులో (2019 సవరణకి ముందు మూడేళ్ళే ఉండేది) ప్రమాదం లేని నాలుగేళ్ళ పది నెలలు తుపాకీ మావయ్య నడుం మీద ఉంది. ప్రమాదం ఉన్న రెండు నెలలు స్టేషన్‌లో ఉంది. ఎన్నికలప్పుడు లాక్కోవడం తప్పు అనను. పల్నాడులో ఆ రెండు నెలలు తుపాకులు బయట ఉంటే శవాలు పెరిగేవే. కానీ అత్యవసరం వచ్చినప్పుడు వెనక్కి తీసుకునేదాన్ని "ఆత్మరక్షణ కోసం" అని రాసి ఇవ్వడంలో అర్థం ఏంటి? ప్రభుత్వానికే ఆ మాట మీద నమ్మకం లేదు. అది అలంకారం లైసెన్సు. అలంకారానికి అయితే ఇంట్లో పెట్టెలో తాళం వేసి పెట్టుకోవచ్చు, పెళ్ళికి ఎందుకు?

కాబట్టి నేననేది ఇది. ఉంచుకునే లైసెన్సు, వెంట తిరిగే లైసెన్సు విడగొట్టాలి. మొదటిదానికి శిక్షణ, ఇంట్లోవాళ్ళ అంగీకారం, తాళం. రెండోది పోలీసులు "మేం కాపాడలేం" అని కారణాలతో రాసి ఇచ్చినవాళ్ళకే, తక్కువ గడువుతో. పెళ్ళిలో గాలిలోకి కాలిస్తే రెండేళ్ళ జైలో, లక్ష జరిమానానో అని 2019లో చేర్చారు కదా, అంటే సమస్య ఎక్కడుందో ఢిల్లీకీ తెలుసు.

"ఇక్కడ ఆడుకునేవాళ్ళు బోలెడు, పల్నాడు బాంబులకి లైసెన్సు ఎవడిచ్చాడు?" అని మీరు అడగొచ్చు. మా ఆఫీసాయన కూడా ఇదే అంటాడు, ఇంకో రకంగా. 2022 అక్టోబరు 21 నుంచి కెనడాలో చేతితుపాకుల అమ్మకాలు, బదిలీలు ఆపేశారు, 2023 డిసెంబరులో అదే చట్టమైంది. ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడం మామూలు మనిషికి కుదరదు. "టొరంటోలో కాల్పులకి వాడేవి ఎక్కువ అమెరికా నుంచి దొంగచాటుగా వచ్చినవి, పరీక్ష రాసి పాసైన నన్ను పట్టుకుంటే ఏం లాభం?" అని ఆయన బాధ. ఆ బాధలో న్యాయం ఉంది, కాదనను. కానీ ఈ దేశానికి ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక నేను ఆయనతో వాదించడం మానేశాను, ఒప్పుకోవడమూ మానేశాను. 1989 డిసెంబరు 6న మాంట్రియల్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఒకడు రైఫిల్‌తో క్లాసుల్లోకి వచ్చి 14 మంది ఆడవాళ్ళని చంపాడు, వాళ్ళలో పన్నెండు మంది ఇంజనీరింగ్ విద్యార్థినులు. 1995 చట్టం ఆ తర్వాతి ఉద్యమంలోంచి వచ్చింది. ప్రతి డిసెంబరు 6న ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల్లో వాళ్ళని తలుచుకుంటారు. మా టీంలో ఒకావిడ ఆ రోజు కోటుకి తెల్ల రిబ్బన్ పెట్టుకుని వస్తుంది.

మనవాళ్ళకి ఇంకా దగ్గర సంగతి, 2017 ఫిబ్రవరి 22. కాన్సస్‌లో ఓలేత అనే ఊళ్ళో కూచిభొట్ల శ్రీనివాస్‌ని బార్‌లో కాల్చి చంపారు. నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నా, హాస్టల్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు, అమెరికా వెళ్దామనుకుంటున్న వాళ్ళయితే మరీ. "అక్కడికి వెళ్తే మనమూ ఒకటి కొని పెట్టుకోవాల్రా" అన్నవాళ్ళున్నారు. నేనూ తలూపాను. ఇప్పుడు ఆ సంఘటన మళ్ళీ చదివితే కనిపించేది వేరు. ఆ హంతకుడు గొడవ చేస్తే బయటికి పంపేశారు, వాడు వెళ్ళి పిస్టల్‌తో తిరిగొచ్చాడు. తిట్టుకీ చావుకీ మధ్య అడ్డం ఏదీ లేదు. శ్రీనివాస్, అలోక్ ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు, వాళ్ళ నడుముకి తుపాకీ ఉన్నా తీసే వ్యవధి ఉండేది కాదు. వాణ్ణి ఆపబోయి ఛాతీలో, చేతిలో తూటాలు తిన్న ఇయాన్ గ్రిల్లట్ దగ్గర ఏ ఆయుధమూ లేదు. ఆ తర్వాత 2022లో అమెరికా సుప్రీంకోర్టు బయట తుపాకీతో తిరగడం హక్కు అని తేల్చింది. ఎవరి దేశం వాళ్ళిష్టం. నేను పిల్లల్ని పెంచాల్సి వస్తే ఈ సరిహద్దుకి ఇటు పక్కనే పెంచుతా.

ఇదంతా (జౌల్స్ మినహా) మావయ్యకి మొన్న ఆదివారం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, "నువ్వు చెప్పేది బానే ఉందిగానీ అల్లుడూ, మళ్ళా ఎలక్షన్లొస్తయ్. ఆ రాత్రి నేను చేసిన ఫోనుకి ఎవడు పలుకుతాడు? అది చెప్పు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నలభై మందికి ఆరు తూటాలు జవాబు కాదు అన్నాను. ఇంటికి నిప్పు పెడితే ఎదురు కాల్చే హక్కు చట్టంలో ఉన్నా, దాన్ని కోర్టులో రుజువు చేసుకునేసరికి బట్టీ అమ్ముకోవాల్సొస్తుందనీ, ఆ చచ్చినవాడి కొడుకు పెద్దయ్యాక మన పిల్లల కోసం వస్తాడనీ అన్నాను. "అది నాకు తెలీదా?" అన్నాడు. పల్నాడులో పుట్టినవాడికి నేను చెప్పేదేముంది, బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలం నుంచీ వాళ్ళకి తెలిసిందే.

అత్తయ్య ఫోన్ తీసుకుని, పక్కింటి వాళ్ళమ్మాయికి కెనడాలో ఎంఎస్ సీటు ఎక్కడ మంచిదో కనుక్కోమంది. అదే పక్కిల్లు, ఆ రాత్రి తలుపు తీసినవాళ్ళు. వివరాలు పంపిస్తానన్నాను. మావయ్యకి నాలుగు సీసీ కెమెరాలు, పెద్ద ఇనుప గేటు ఎంతవుతాయో నరసరావుపేటలో ఒక స్నేహితుడితో కనుక్కుని వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా ఏమీ అనలేదు. లైసెన్సు రెన్యువల్ వచ్చే మార్చిలో.